ఆయాసం తగ్గింది, లోపలి పని ఆగిందా?

ఈ మాసము ఉబ్బసమును గూర్చి వ్రాయదలచాము. చలి మొదలైనప్పుడు, వరి నూర్పిళ్ల కాలంలో, మిరపకాయలు కల్లాల్లో ఎండేటప్పుడు మేము ఇళ్లకు వెళ్తే ఒకే ప్రశ్న వినబడుతూ ఉంటుంది. “అయ్యగారూ, పాపకు పిల్లికూతలు పోయి పది రోజులైంది. డాక్టరు గారేమో పఫ్ రోజూ పీల్చమంటారు. ఆయాసమే లేనప్పుడు మందెందుకండీ?” అడిగేది ఎక్కువగా తల్లులే. ప్రశ్న న్యాయమైనదే. జ్వరం తగ్గితే మాత్ర ఆపేస్తాం, విరేచనాలు కట్టుకుంటే మందు ఆపేస్తాం. మరి ఉబ్బసానికి మాత్రం వేరే లెక్క ఎందుకు?

సమాధానం మన ఊపిరి గొట్టాలలోను, రక్తంలోను పనిచేసే ఎంజైములలో ఉన్నది. మాట కొత్తగా ఉన్నదని పేజీ త్రిప్పవద్దు. ఎంజైమ్ అంటే ఏమిటో మన వంటింట్లోనే చూడవచ్చు. ముదురు మాంసం ఎంతకీ ఉడకకపోతే పెద్దవాళ్లు ఏమి చేస్తారు? ఒక పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు. ఆ పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉన్నది. అది మాంసపు పీచును చిన్న చిన్న తునకలుగా కత్తిరిస్తుంది. కత్తిరించి తాను అరిగిపోదు. మరొక పీచు దగ్గరకు పోయి అదే పని మళ్లీ చేస్తుంది. కాబట్టే ఇంత కూరకు అంత చిన్న ముక్క చాలు. ఉత్త అన్నం ముద్దను నోట్లో పెట్టుకొని చాలాసేపు నమిలితే తియ్యగా అవుతుంది గదా, అది కూడా లాలాజలంలోని ఎంజైమ్ పనే. ఊపిరి విషయంలోనే చెప్పాలంటే, రక్తంలో బొగ్గుపులుసు వాయువును మోయడానికి తోడ్పడే ఎంజైమ్ ఒకటి కలదు. దాని అణువు ఒక్కటే సెకనుకు పది లక్షల మార్లు ఆ పని చేయగలదు. ఇంత వేగంగా, ఇంత కొద్ది మోతాదులో, అరిగిపోకుండా పనిచేసేవి శరీరంలో మరేవీ లేవు.

ఇంతటి పనివారు అదుపులో ఉన్నంతసేపు మేలే. ఉబ్బసం ఉన్నవారి గొట్టాలలో కొన్ని ఎంజైములు అవసరానికి మించి పనిచేస్తాయి, కాపలా కాయవలసిన మరికొన్ని చేతులు కట్టుకొని కూర్చుంటాయి. పిల్లికూత వినబడేది ఈ రెండూ కలిసి గొట్టాన్ని బాగా ఇరుకు చేసినప్పుడే. అంతకుముందు, ఆ తరువాత కూడా లోపల పని నడుస్తూనే ఉంటుంది.

మొదట అతిగా పనిచేసేవాటిని చూద్దాం. ఊపిరి గొట్టాల గోడలలో మాస్ట్ కణాలనేవి ఉంటాయి. వాటినిండా చిన్న చిన్న సంచులు. పడని దుమ్మో, పుప్పొడో లోపలికి పోగానే ఆ సంచులు పగిలి, అందులోనుండి హిస్టమిన్‌తో పాటు ట్రిప్టేజ్ అనే ఎంజైమ్ బయటపడుతుంది. ఇది కూడా బొప్పాయిలోని దానివలె మాంసకృత్తులను కత్తిరించే జాతిదే. గొట్టం చుట్టూ ఉన్న కండరాన్ని చిరాకుపరచి, చిన్న కారణానికే బిగుసుకొనేట్లు చేస్తుంది. ఏండ్ల తరబడి ఇలాగే సాగితే ఆ కండరం మందమవుతుంది. ఉబ్బసం ఉన్నవారి గొట్టాలను ఉప్పునీటితో కడిగి ఆ నీటిని పరీక్షించినప్పుడు ఈ ట్రిప్టేజ్ ఎక్కువగా కనబడింది. చిత్రమేమంటే అదే మనిషి రక్తం తీసి చూస్తే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. కందిరీగ కుట్టో, ఇంజెక్షన్ పడకో ఒళ్లంతా దద్దుర్లు లేచి మనిషి కుప్పకూలినప్పుడు మాత్రం రక్తంలోనూ ఒకటి రెండు గంటల్లో పెరుగుతుంది. కాబట్టి “రక్త పరీక్షలో ఏమీ లేదన్నారు, జబ్బు లేనట్టే” అనుకోవడానికి వీలులేదు. గొట్టంలో జరిగేదంతా రక్తంలోకి రాదు.

రక్తంలో చూడగలిగినది మరొకటి ఉన్నది. “ఇస్నోఫీలియా ఉందన్నారండీ” అని మన పల్లెల్లో అందరూ చెప్పే మాటే. ఇసినోఫిల్ అనేది ఒక తెల్ల రక్తకణం. ఎలర్జీ వలన వచ్చే ఉబ్బసంలో ఇవి రక్తంలో పెరిగి, అక్కడనుండి గొట్టాలలోకి చేరుకుంటాయి. వాటి చేతిలో పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఒంట్లోని పదార్థాలతోనే బ్లీచింగ్ పౌడరు జాతికి చెందిన ఘాటైన ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పురుగులను చంపడానికి ఉన్న ఆయుధమది. పురుగే లేనిచోట దాన్ని వదిలితే కాలేది గొట్టం లోపలి పొరే. అయితే రాత్రిపూట దగ్గు, ఇస్నోఫీలియా ఉన్నంత మాత్రాన ప్రతిదీ ఉబ్బసం కాదు. బోదకాలు పురుగు వలన కూడా ఇటువంటి దగ్గు, ఆయాసం వస్తాయి. దానికి వాడే హెట్రజాన్ మందు, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు డైరెక్టరుగా ఉన్న అమెరికా పరిశోధనశాలలో 1940 లలో వచ్చింది. ఏది ఏదో తేల్చవలసినది డాక్టరే.

ఇక మా ఉద్దేశంలో పల్లె కుటుంబాలు అన్నిటికంటే ముఖ్యంగా తెలుసుకోవలసిన ఎంజైములు రెండు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

1938 లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఫెల్డ్‌బర్గ్, కెలవే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పాము విషంపై పనిచేస్తుండగా, కండరాన్ని నిదానంగా, చాలాసేపు బిగించి ఉంచే పదార్థమొకటి వారికి తటస్థపడింది. హిస్టమిన్ బిగించి వెంటనే వదులుతుంది, ఇది వదలదు. అదేమిటో తెలియడానికి 40 ఏండ్లు పట్టింది. 1979 లో స్వీడన్ దేశపు శామ్యూల్సన్ ఆ జాతి పదార్థాలకు ల్యూకోట్రయీన్లు అని పేరు పెట్టాడు. 1982 లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం వచ్చింది. ఈ ల్యూకోట్రయీన్లు గొట్టాన్ని బిగించడమే కాదు, వాపు తెస్తాయి, కఫం పెంచుతాయి. వీటిని తయారుచేసే ఎంజైమ్ పేరు లైపాక్సిజనేజ్.

దీనికి ముడిసరుకు మన కణాల పొరలలో ఉన్న ఒక కొవ్వు పదార్థం. ఆ కొవ్వును కాలువ నీరనుకోండి. ఆ కాలువకు రెండు తూములు ఉన్నాయి. ఒక తూము దగ్గర లైపాక్సిజనేజ్ కూర్చుని ల్యూకోట్రయీన్లు చేస్తుంది. రెండవ తూము దగ్గర సైక్లోఆక్సిజనేజ్ అనే మరొక ఎంజైమ్ కూర్చుని నొప్పిని, జ్వరాన్ని కలిగించే పదార్థాలు చేస్తుంది. ఆ రెండవదే, మొదటి తూమును అదుపులో ఉంచే మంచి పదార్థం ఒకదాన్ని కూడా చేస్తుంది. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు మూసేది ఈ రెండవ తూమునే. నొప్పి తగ్గుతుంది. కాని కొందరిలో ఆ అదుపు పదార్థం తగ్గిపోయి మొదటి తూము ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అరగంట నుండి రెండు మూడు గంటల లోపల ముక్కు కారి, కళ్లు ఎర్రబడి, ఉబ్బసం ఉధృతంగా వస్తుంది. దీన్ని 1922 లోనే ప్యారిస్‌లో విడాల్ అనే వైద్యుడు వివరించాడు. ఎందుకు వస్తుందో తెలిసింది ఎంజైముల సంగతి బయటపడిన తరువాతనే.

ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు వంద మందిలో సుమారు ఏడుగురికి ఈ ఇబ్బంది ఉంటుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. ముక్కులో కండ పెరిగి, వాసన తెలియని ఉబ్బసం రోగులు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. నాట్ల కాలంలో నడుము నొప్పికి కిరాణా కొట్టులో మాత్రలు కొని మింగడం, ఆర్.ఎం.పి. గారి దగ్గర నొప్పి ఇంజెక్షన్ చేయించుకోవడం మన ఊళ్లలో ఎంత మామూలో మాకు తెలుసు. మందు ఇచ్చేవారికి “నాకు ఉబ్బసం ఉందండీ” అన్న నాలుగు మాటలు ముందుగా చెప్పండి. వారు అడగరు, మీరే చెప్పాలి. పారాసిటమాల్ మామూలు మోతాదులో చాలామందికి పడుతుంది. గుండెజబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడుతున్నవారు ఇది చదివి సొంతంగా ఆపవద్దు. ఇన్నాళ్లుగా పడుతున్నదంటే మీరు ఆ ఏడుగురిలో లేనట్టే, అనుమానముంటే డాక్టరును అడగండి.

బయటనుండి వచ్చే ఎంజైములు కూడా ఉన్నాయి. 1960 లలో ఇంగ్లండ్‌లో బట్టల సబ్బుపొడిలో మరకలు పోవడానికి ఎంజైములు కలపడం మొదలుపెట్టారు. కొంతకాలానికి ఆ ఫ్యాక్టరీలలో పొడి పీల్చిన పనివారికి ఆయాసం పట్టుకుంది. 1969 లో ఇది వైద్య పత్రికలలో వచ్చింది. తరువాత పొడి లేవకుండా ఎంజైమును గుళికలుగా చేసి పైన పూత పూయడంతో బాధ చాలామట్టుకు తగ్గింది. బొప్పాయి పపైన్‌ను పొడిగా తయారుచేసే చోట పనిచేసేవారికి కూడా ఇటువంటి ఉబ్బసం వచ్చింది. కూరలో వేసిన ముక్కతో భయం లేదు. గాలిలో లేచే పొడితోనే చిక్కు. మన పరుపులలో, దిండ్లలో కంటికి కనబడని చిన్న పురుగులుంటాయి. వాటి మలంలో కూడా పపైన్ జాతికే చెందిన ఎంజైమ్ ఒకటి కలదు. గొట్టం లోపలి పొరలో కణాలు ఒకదానికొకటి కుట్టినట్టుగా అంటుకొని ఉంటాయి. ఈ ఎంజైమ్ ఆ కుట్లను విప్పి దుమ్మును లోపలికి పోనిస్తుంది. దిండు గలీబులు, దుప్పట్లు వారానికొకసారి బాగా వేడినీళ్లలో ఉతకమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. దులిపి మళ్లీ వేసుకుంటే సరిపోదు.

ఇప్పుడు కాపలావారి సంగతి. మనం పీల్చే ప్రాణవాయువులో కొంత భాగం ఒంట్లో నిప్పురవ్వ వంటి రూపంలోకి మారుతుంది. దాన్ని చల్లార్చడానికి సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ ఉన్నది. నోరు తిరగని పేరే. డాక్టర్లు దీన్ని ఎస్.ఓ.డి. అంటారు, మనమూ అలాగే అందాము. ఎద్దు రక్తంలోనుండి దీన్ని 1938 లోనే వేరుచేసినా, అది చేసే పని ఏమిటో 1969 లో గాని తెలియలేదు. ఇందులో రాగి, జింకు ఉంటాయి.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు ఉబ్బసం ఉన్నవారి గొట్టాలలో ఈ ఎస్.ఓ.డి.ని కొలిచారు. 1997 లో వారు ప్రకటించినదాని ప్రకారం, మందు పీల్చని ఉబ్బసం రోగుల గొట్టపు పొరలో ఎస్.ఓ.డి. పని తగ్గిపోయి ఉన్నది. స్టెరాయిడ్ పఫ్ వాడుతున్నవారిలో మాత్రం ఆరోగ్యవంతులకు దగ్గరగా ఉన్నది. 2000 లో మరొక సంగతి చూపించారు: పడని పదార్థం తగిలిన కొద్దిసేపట్లోనే ఆ ఎంజైమ్ పని పడిపోతుంది. 2005 లో రక్తంలో కూడా కొలిచి, ఉబ్బసం ఉన్నవారిలో అది తక్కువని, ఎంత తక్కువైతే ఊపిరి వదలడం అంత కష్టంగా ఉన్నదని చెప్పారు.

తల్లులు అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే పఫ్, సాధారణంగా నీలం రంగులో ఉండేది, బిగుసుకున్న కండరాన్ని నిమిషాలలో వదులుచేస్తుంది. ప్రాణం లేచివస్తుంది. కాని వాపుపై గాని, ఇసినోఫిల్ కణాలపై గాని, కాపలా ఎంజైముల తగ్గుదలపై గాని అది పనిచేయదు. రోజూ పీల్చమనే రెండవ పఫ్ పనిచేసేది అక్కడే. అది పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. తెలియదు కాబట్టే మొదట మానేసేది దాన్నే. నీలం పఫ్ ఒక్కదానితోనే నెట్టుకురావడం మంచిది కాదని, పెద్దవారికి, 12 ఏండ్లు దాటిన పిల్లలకు స్టెరాయిడ్ కలిసిన పఫ్ తప్పక ఉండాలని, ప్రపంచమంతటి డాక్టర్లు అనుసరించే గినా మార్గదర్శకాలు 2019 నుండి చెబుతున్నాయి. చిన్నపిల్లల సంగతి వేరు, వయస్సును, జబ్బు తీరును బట్టి పిల్లల డాక్టరు నిర్ణయిస్తారు. మన దేశంలో 3 కోట్ల మందికి పైగా ఉబ్బసంతో ఉన్నారని 2019 అంచనా. ప్రపంచంలో ఉబ్బసంతో చనిపోయేవారిలో వందకు నలభైమంది పైగా మనవాళ్లే. జబ్బు ఇక్కడ అంత ఎక్కువేమీ లేదు, మరణాలే ఎక్కువ. రోజువారీ పఫ్ వాడనివారు ఇంతమంది ఉండటం దీనికి ముఖ్యకారణాలలో ఒకటి.

స్టెరాయిడ్ అనగానే భయం. పఫ్ అలవాటైపోతుందని, ఎముకలు గుల్లవుతాయని, ఆడపిల్లకు పఫ్ ఉందని తెలిస్తే సంబంధాలు రావని. ఈ మూడవది వైద్యం కాదు, దాన్ని గూర్చి వేరుగా వ్రాయవలసినంత ఉన్నది. మొదటి రెంటికీ లెక్క చెబుతాము. ఆయాసం ముదిరి ఆసుపత్రికి పోతే ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు కావచ్చు. పఫ్‌లో ఒక పీల్పుకు వచ్చే మందు తరచుగా 200 మైక్రోగ్రాములు. బరువులో చూస్తే 200 వంతుల్లో ఒక వంతు. అదీ నేరుగా గొట్టంలోకి. పఫ్ మానేసి ఏటా రెండు మూడుసార్లు మాత్రల మీద పడేవారి ఒంట్లోకే స్టెరాయిడ్ ఎక్కువ పోతుంది. పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి, లేకపోతే నాలుకపై తెల్లపూత వస్తుంది. పిల్లలకు స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బా పెట్టి పీల్పించాలి.

ల్యూకోట్రయీన్లను అడ్డుకొనే మాత్ర కూడా ఉన్నది, మాంటెలుకాస్ట్. అది ఎంజైమును ఆపదు, తయారైన ల్యూకోట్రయీన్ తన చోటులో కూర్చోకుండా అడ్డుపడుతుంది. మాత్ర కాబట్టి మనవాళ్లకు ఇష్టం. చీటీ లేకుండానే కొంటున్నారు. కాని కొందరు పిల్లలలో పీడకలలు, చిరాకు, దిగులు కలుగుతున్నాయని 2020 లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక ఇచ్చింది. పిల్లవాడి నడవడి మారితే “మొండితనం” అని కొట్టకుండా డాక్టరుకు చెప్పండి.

ఎంజైముల పేరు చెప్పి టానిక్కులు అమ్మేవారు కూడా వస్తారు. కాపలా ఎంజైములలో మరొకదానికి సెలీనియం అనే ధాతువు అవసరం. ఆ లెక్కన సెలీనియం మాత్రలిస్తే ఉబ్బసం తగ్గాలి గదా అని ఇంగ్లండ్‌లో సక్రమంగా పరీక్షించి చూశారు. 2007 లో ఫలితం వచ్చింది: ఉత్తుత్తి మాత్ర మింగినవారికీ, నిజమైనది మింగినవారికీ చెప్పుకోదగిన తేడా లేదు. కూరగాయలు, పండ్లు తినండి; డబ్బాకు డబ్బు పోయవద్దు.

లోపలి పని నడుస్తున్నదో లేదో తెలుసుకొనే పరీక్ష ఒకటి ఇప్పుడు పట్టణాలలోని కొన్ని పెద్ద ఆసుపత్రులలో ఉన్నది. వాపు ఉన్నప్పుడు గొట్టపు పొరలో మరొక ఎంజైమ్ చురుకై నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును ఎక్కువగా చేస్తుంది. వదిలిన ఊపిరిలో దాన్ని కొలవవచ్చు. 1990 ల మొదట్లో స్వీడన్ పరిశోధకులు ఉబ్బసం ఉన్నవారి ఊపిరిలో ఇది ఎక్కువని చూపించారు. పెద్దవారికి వంద కోట్ల భాగాలలో 25 కంటే తక్కువ వస్తే వాపు తక్కువని, 50 దాటితే ఎక్కువని లెక్క. స్టెరాయిడ్ పఫ్ వాడితే ఈ అంకె దిగుతుంది, మానేస్తే ఎక్కుతుంది. “రోజూ వాడుతున్నానండీ” అని అబద్ధమాడేవారిని ఈ యంత్రం ఇట్టే పట్టేస్తుందని ఒక డాక్టరు గారు మాతో నవ్వుతూ అన్నారు. ఈ యంత్రం లేనిచోట పీక్ ఫ్లో మీటరు అనే చిన్న గొట్టం చాలు. ఉదయం సాయంత్రం అందులోకి బలంగా ఊది, ముల్లు ఎక్కడ నిలిచిందో నోటుపుస్తకంలో వ్రాసుకోవడమే. ఆయాసం తెలియకముందే అంకె పడిపోతుంది.

ఏటా జూన్ మొదట్లో మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిన కుటుంబంవారు చేప మందు ఇస్తారు. 1845 నుండి ఇస్తున్నామని వారు చెబుతారు. పసుపు రంగు ముద్దను బ్రతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. మన జిల్లాలనుండి రైళ్లెక్కి పోయేవారిలో మన సంఘములవారు కూడా ఉన్నారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఋజువు లేదు. మేము పోయినవారితో గొడవపడము. అయితే చేప మందు మింగి పఫ్ మానేసినవారిని, ప్రార్థన చేయించుకొని పఫ్ పారవేసినవారిని ఒకే మాట అడుగుతాము: మానమని ఎవరు చెప్పారు? మేము ప్రార్థించిన ఏ ఇంటిలోనూ మందు మానమని చెప్పలేదు, చెప్పము. అక్కడికి పోయేవారు జనం రద్దీలో, దుమ్ములో గంటల తరబడి నిలబడవలసి ఉంటుంది గనుక నీలం పఫ్‌ను సంచిలో కాక జేబులోనే ఉంచుకోవాలి.

ఎన్నాళ్లు వాడాలని చివరగా అడుగుతారు. పిల్లికూతలు, రాత్రి దగ్గు లేకుండా, నీలం పఫ్ అవసరం పడకుండా సుమారు మూడు నెలలు నిలకడగా గడిస్తే డాక్టరు మోతాదు ఒక మెట్టు తగ్గిస్తారు. మళ్లీ కొన్ని నెలలు చూసి ఇంకొక మెట్టు. అప్పటిదాకా తేదీ వేసి, పీల్చిన ప్రతి పూటకూ క్యాలెండరులో ఒక గీత పెట్టించండి. బడికి పోయే పిల్లలు ఈ పనిని పెద్దవాళ్లకంటే బాగా చేస్తారు. ఆ క్యాలెండరు కాగితాన్ని చింపి పారవేయకుండా, తరువాతిసారి డాక్టరు దగ్గరకు పోయేటప్పుడు పాత చీటీలతో పాటు పట్టుకొని వెళ్లండి.